అడగండి, చెప్తాం: మంచుకొండలకి మే మంచిదా, దసరా మంచిదా?

ఈ నెల బెంగళూరు పాఠకుల నుంచి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా స్విట్జర్లాండ్ మీదే, అందులోనూ ఇంటర్‌లాకెన్ చుట్టుపక్కల సరస్సులూ కొండలూ మీదే ఉన్నాయి. అందుకని ఈసారి పేజీ మొత్తం వాటికే ఇచ్చేశాం. ఫ్లైట్ ఏది చీప్, వీసా అపాయింట్‌మెంట్ ఎప్పుడు దొరుకుద్ది లాంటివి వారానికోలా మారతాయి కాబట్టి పక్కన పెట్టాను, ఏమీ అనుకోకండి.

మారతహళ్లి నుంచి ఒక పాఠకురాలు: మేడమ్, పిల్లలకి ఏప్రిల్, మే సెలవులు. మే ఫస్ట్ వీక్‌లో వెళ్దామని మావారు టికెట్లు చూస్తున్నారు. వీడియోల్లో కొండపైన నీలం సరస్సు, అందులో మంచుకొండ నీడ కనిపిస్తుంది కదా, బాఖాల్ప్ సరస్సు అంట, అది చూడాలని మా పాప. షీనిగె ప్లాట్టె కొండ చూడాలని నేను. రోట్‌హార్న్ పొగబండి ఎక్కాలని మా బాబు. ఐదు రోజులు సరిపోతాయా?

రోజులు సరిపోతాయండి, నెలే సరిపోదు. మీరు చెప్పిన మూడూ మే మొదట్లో దొరకవు. బాఖాల్ప్ సరస్సు 2,265 మీటర్ల ఎత్తులో ఉంది, అప్పటికి అది ఇంకా మంచు కింద తెల్లగా ఉంటుంది, నీళ్ళే కనపడకపోతే నీడెక్కడ కనపడుద్ది. షీనిగె ప్లాట్టె రైలూ, బ్రియెంజ్ రోట్‌హార్న్ ఆవిరి రైలూ జూన్‌లో మొదలుపెట్టి అక్టోబర్ దాకా నడుపుతారు, మిగతా కాలంలో పట్టాల మీద మంచే. ఇక్కడ మనకి లెక్క ఎక్కడ తప్పుతుందంటే ఎత్తు ఒకటే చూస్తాం. షీనిగె ప్లాట్టె 1,967 మీటర్లు, మన ముల్లయ్యనగిరి 1,930, దాదాపు ఒకటే కదా అనిపిస్తుంది. కానీ చిక్కమగళూరు భూమధ్యరేఖకి 13 డిగ్రీల దూరంలో ఉంది, అది 46 డిగ్రీలు దాటిన చోట ఉంది, అందుకే ఇక్కడ కాఫీ తోటలు, అక్కడ మే నెలలో కూడా మంచు. తమాషా ఏంటంటే ఇంటర్‌లాకెన్ ఊరు 570 మీటర్ల దగ్గరే ఉంది, అంటే మన బెంగళూరు కన్నా బాగా కిందే.

మరి మేలో వెళ్తే వేస్టా అంటే అస్సలు కాదు, కింద ఉన్నవి చూడాలి అంతే. పైన మంచు కరిగేది అప్పుడే కాబట్టి జలపాతాలు మంచి జోరు మీద ఉంటాయి. లాటర్‌బ్రునెన్ లోయలో దిగితే ఊరి ఇళ్ళ వెనకే స్టౌబాఖ్ జలపాతం 297 మీటర్ల పైనుంచి పడుతూ ఉంటుంది. నీళ్ళు సగం దారిలోనే తుంపరలైపోయి గాలెటు వీస్తే అటు ఊగుతుంటాయి, దానికి టికెట్ కూడా లేదు. అదే లోయలో ఇంకొంచెం లోపలికి బస్సులో వెళ్తే ట్రూమెల్‌బాఖ్. ఇది మాత్రం మిస్ అవ్వకండి. ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రౌ మూడు కొండల హిమానీనదాల నీళ్ళు కొండ లోపల తొలుచుకుంటూ పది అంచెలుగా దూకుతాయి, సెకనుకి 20,000 లీటర్ల దాకా వస్తాయంటారు. రాతిలో పెట్టిన లిఫ్ట్‌లో పైకి తీసుకెళ్తారు, అక్కడి నుంచి తడి మెట్లు, రెయిలింగ్, మసక లైట్లు, పక్కనోళ్ళు అరిచినా వినపడని హోరు. రాతిగోడ మీద చెయ్యి పెడితే అదురు తెలుస్తుంది. రెయిన్‌కోట్ ఉంటే వేస్కోండి, ఫోన్ జేబులో పెట్టేస్కోండి. నాలుగేళ్ళలోపు పిల్లల్ని లోపలికి రానివ్వరు, మీవాళ్ళ వయసు మీరు రాయలేదు, చూసుకోండి.

ఇంకా బ్రియెంజ్ దగ్గర బాలెన్‌బెర్గ్ అని ఒక ఓపెన్ ఎయిర్ మ్యూజియం ఉంది. స్విట్జర్లాండ్ నలుమూలల నుంచి వందకి పైగా పాత ఇళ్ళు విప్పి తెచ్చి మళ్ళీ అక్కడ కట్టారు, 1978లో తెరిచారు, కోళ్ళూ మేకలూ అన్నీ ఉంటాయి, పిల్లలు సగం రోజు అక్కడే ఉండిపోతారు. మైరింగెన్ దగ్గర ఆరె నది కొండని నిలువునా కోసుకుంటూ పోయిన చీలిక ఉంది, 1.4 కిలోమీటర్ల పొడవు, చెక్క నడవ మీద లోపల నడుచుకుంటూ పోవచ్చు. ఈ రెండూ ఏప్రిల్‌లో తెరుస్తారు. ఇంటర్‌లాకెన్ మీదే ఉన్న హార్డర్ కుల్మ్ కూడా ఏప్రిల్ నుంచి ఉంటుంది, పది నిమిషాల్లో ఫ్యునిక్యులర్, అంటే తాడుతో కొండ మీదికి లాగే రైలు, ఎక్కించేస్తుంది. 1,322 మీటర్లే, నంది హిల్స్ కన్నా తక్కువే గానీ పైనుంచి అటు థున్ సరస్సు, ఇటు బ్రియెంజ్ సరస్సు, మధ్యలో ఊరు, ఎదురుగా మంచుకొండలు.

కానీ నన్నడిగితే ఒక మాట చెప్తాను. మన కర్ణాటక స్కూళ్ళకి దసరా సెలవులు ఉన్నాయి కదా, అవి ఈ కొండలకి మే కన్నా చాలా బాగా కుదురుతాయి. అక్టోబర్ మొదటి పక్షంలో మీరడిగిన మూడూ మామూలుగా నడుస్తుంటాయి, సమ్మర్ రష్ తగ్గి ఉంటుంది, పొగబండిలో సీటు కూడా ఈజీగా దొరుకుద్ది. పగలు కొంచెం చిన్నది, ఉదయం ఏడున్నరకి గానీ సూర్యుడు రాడు, పైన ముందే మంచు పడిన సంవత్సరాలూ లేకపోలేదు. అయినా నా ఓటు దసరాకే. టికెట్లు ఇంకా కొనలేదు కాబట్టి మావారితో, అదే మీవారితో, ఒకసారి మాట్లాడండి.

వైట్‌ఫీల్డ్ నుంచి: మా ఆఫీస్ ఫ్రెండ్స్ నాలుగు ఫ్యామిలీలం కలిసి ప్యాకేజీలో వెళ్తున్నాం. యుంగ్‌ఫ్రౌ, టిట్లిస్ రెండూ పెట్టారు. రెండూ మంచే కదా, ఒకటి తీసేస్తే తలకి చాలా మిగులుద్ది అంటున్నారు కొందరు. ఏది తీసెయ్యాలి?

ఒకటి తీసెయ్యడం కరెక్టే, రెండు చోట్లా మంచులో ఆడుకుని ఫొటోలు దిగడమే కాబట్టి రెండోసారికి పిల్లలకి కూడా బోర్ కొట్టుద్ది. డబ్బే చూస్తే టిట్లిస్ ఉంచుకోండి. గుండ్రంగా తిరిగే కేబుల్ కార్ 3,020 మీటర్ల దాకా తీసుకెళ్తుంది, టికెట్ యుంగ్‌ఫ్రౌలో సగానికి అటూ ఇటూగా ఉంటుంది. యుంగ్‌ఫ్రౌయోఖ్, అంటే యుంగ్‌ఫ్రౌ రైలు ఆగే పై స్టేషన్, డిస్కౌంట్లు లేకుండా అయితే ఇంటర్‌లాకెన్ నుంచి రానూపోనూ తలకి 200 ఫ్రాంకులు దాటుతుంది, మన డబ్బుల్లో వేసుకుంటే గుండె కలుక్కుమంటుంది.

అయితే డబ్బు పక్కన పెడితే యుంగ్‌ఫ్రౌదే పైచెయ్యి, ఎందుకంటే అక్కడ చూడాల్సింది మంచు ఒక్కటే కాదు, ఆ రైలు. గుయెర్ జెల్లర్ అనే పారిశ్రామికవేత్తకి 1893లో ఐడియా వచ్చింది, 1896లో తవ్వడం మొదలెట్టారు, ఐగర్, మోంక్ కొండల పొట్టలోంచి ఏడు కిలోమీటర్లకి పైగా సొరంగం తొలిచి 1912 ఆగస్టు 1న పై స్టేషన్ తెరిచారు, ఐడియా వేసినాయన 1899లోనే పోయాడు పాపం, పైదాకా రైలు వెళ్ళడం చూడలేదు. స్టేషన్ ఎత్తు 3,454 మీటర్లు. మధ్యలో ఐస్‌మేర్ దగ్గర ఐదు నిమిషాలు ఆపుతారు, దిగి కొండ గోడకి పెట్టిన అద్దాల్లోంచి చూస్తే కింద పగుళ్ళిచ్చిన మంచు కనపడుద్ది. పైకెళ్ళాక ఆలెట్ష్ హిమానీనదం, ఆల్ప్స్‌లో అన్నిటికన్నా పెద్దది, దాదాపు 20 కిలోమీటర్లు పొడవు, ఏటా తగ్గుతూ పోతోంది. మన పిల్లలు పెద్దయ్యాక వెళ్తే ఇంత ఉండదు. 2020 డిసెంబర్‌లో గ్రిండెల్‌వాల్డ్ అనే ఊరి నుంచి ఐగర్ ఎక్స్‌ప్రెస్ అని గొండోలా, అదే కేబుల్ కార్, వచ్చింది, పదిహేను నిమిషాల్లో ఐగర్ కింది దాకా దింపేస్తుంది, దాంతో ప్రయాణం బాగా తగ్గింది.

ప్యాకేజీ వాళ్ళతో ఒక్కటే గట్టిగా అడగండి, డేట్ మార్చుకునే వీలు ఉందా అని. మబ్బు పట్టిన రోజు పైకెళ్తే 200 ఫ్రాంకులు పెట్టి తెల్లగోడ చూసొచ్చినట్టే. పైన ఏముందో పొద్దున్నే వెబ్‌క్యామ్‌లో చూడొచ్చు, ప్రతి కొండ మీదా కెమెరాలు పెట్టారు. ఎవరికి వాళ్ళు వెళ్ళేవాళ్ళు పొద్దున కెమెరా చూసుకుని టికెట్ కొనుక్కుంటారు, సీజన్‌లో అయితే సీటు రిజర్వేషన్ ఉందో లేదో ముందు రోజే చూసుకుంటారు. గ్రూప్ బస్సులో వెళ్ళేవాళ్ళకి ఆ వీలు ఉండదు, ప్యాకేజీలతో నాకున్న పేచీ అదే.

ఇంకోటి. మన పాటల్లో హీరోయిన్ మంచులో పల్చటి చీరలో డాన్స్ చేసిందని ధైర్యం చెయ్యకండి, ఆగస్టులో కూడా పైన టెంపరేచర్ సున్నా దగ్గర్లోనే ఉంటుంది. బూట్లు పట్టు ఉన్నవి వేస్కోండి, చల్లగాలి కన్నా జారి పడేవాళ్ళే ఎక్కువ.

జయనగర్ నుంచి ఒక పెద్దాయన: అమ్మా, నాకు 71, మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, ఇద్దరికీ బీపీ ఉంది. అబ్బాయి జూన్ ఆఖర్లో తీసుకెళ్తానంటున్నాడు. మేం హోటల్లో కూర్చోవడం తప్ప చూడగలిగేవి ఏమైనా ఉన్నాయా?

బాబాయిగారూ, హోటల్లో కూర్చోవడమేంటి, ఆ దేశంలో కొండలన్నీ రైలెక్కి చూసేవే. మీరు జాగ్రత్త పడాల్సింది యుంగ్‌ఫ్రౌయోఖ్ ఒక్కదాని దగ్గరే. అంత ఎత్తులో ఒక్కో శ్వాసకి అందే ఆక్సిజన్ కింద ఉన్నదానికన్నా మూడో వంతు తక్కువ, బీపీ ఉన్నవాళ్ళు మీ డాక్టర్‌ని అడక్కుండా ఎక్కొద్దు. అడిగి ఎక్కినా పైన నిదానంగా నడవండి, గబగబా మెట్లెక్కితే కళ్ళు తిరుగుతాయి.

మీ ఇద్దరికీ నేనైతే ముందు పడవ చెప్తాను. బ్రియెంజ్ సరస్సులో లోట్ష్‌బెర్గ్ అని 1914 నాటి ఆవిరి పడవ ఉంది, థున్ సరస్సులో బ్లూమ్లిసాల్ప్ అని 1906ది ఉంది. రెండిట్లోనూ పక్కల పెద్ద చక్రాలు తిరుగుతుంటాయి. పడవ మధ్యలో నించుంటే ఇంజిన్ మొత్తం కనపడేట్టు వదిలేశారు. మిలమిలా మెరిసే ఇత్తడి భాగాలు, మనిషంత ఇనప కడ్డీలు ముందుకీ వెనక్కీ ఆడటం, నూనె వాసన, మీలాంటివాళ్ళు కొండలు మర్చిపోయి అక్కడే నించుంటారు చూడండి. ఇవి అన్ని ట్రిప్పులకీ రావు, టైమ్‌టేబుల్లో స్టీమర్ గుర్తు ఉన్న ట్రిప్పు చూసి ఎక్కండి. బ్రియెంజ్ పడవలు ఇంటర్‌లాకెన్ ఓస్ట్ స్టేషన్ పక్కన, థున్ పడవలు వెస్ట్ స్టేషన్ పక్కన, అటుదిటు అయితే మళ్ళీ రైలెక్కి రావాలి. బ్రియెంజ్ దాకా గంటంపావు. దారిలో గీస్‌బాఖ్ దగ్గర దిగితే జలపాతం పద్నాలుగు అంచెలుగా దూకుతుంటుంది, రేవు నుంచి హోటల్ దాకా 1879 నాటి చిన్న ఫ్యునిక్యులర్ ఉంది కాబట్టి పిన్నిగారు మెట్లెక్కక్కర్లేదు.

జూన్ ఆఖరంటే షీనిగె ప్లాట్టె కూడా తెరిచేస్తారు. విల్డర్స్‌విల్ నుంచి 1893 నాటి పళ్ళచక్రం రైలు, చెక్క బెంచీలు, దాదాపు యాభై నిమిషాలు కొండ పట్టుకుని నెమ్మదిగా పాకుతుంది. పైన ఆల్ప్స్ పూలమొక్కల తోట ఒకటి పెంచుతున్నారు, స్టేషన్ పక్కనే, ఎదురుగా ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రౌ మూడు కొండలూ వరసగా కనిపిస్తాయి, టీ తాగుతూ ఎంతసేపైనా కూర్చోవచ్చు. మ్యూరెన్, వెంగెన్ ఊళ్ళల్లో మామూలు కార్లే ఉండవు, అందుకని రోడ్డు మీద నిశ్చింతగా తిరగొచ్చు. రెండు పూటలు అక్కడ పెట్టుకోండి.

హెచ్ఎస్ఆర్ లేఅవుట్ నుంచి ఏడో తరగతి అబ్బాయి: ఆంటీ, బ్రియెంజ్ లేక్ ఫొటోల్లో అంత పచ్చనీలంగా ఉంది, ఫిల్టర్ పెట్టారా? పక్కన థున్ లేక్ ఎందుకు అలా లేదు?

ఫిల్టర్ కాదు నాన్నా. హిమానీనదం కొండ మీంచి జారేటప్పుడు కింద రాయిని అరగదీస్తుంది, ఆ పొడి పిండిలా మెత్తగా ఉండి నీళ్ళల్లో త్వరగా మునక్కుండా చాలాసేపు తేలుతూ ఉంటుంది. దాని మీద వెలుతురు పడితే నీలం, ఆకుపచ్చ రంగులు ఎక్కువ చెదిరి మన కంటికి వస్తాయి. ఆరె, ల్యూట్షినె నదులు ఈ పొడిని తెచ్చి ముందు బ్రియెంజ్ సరస్సులో పోస్తాయి. సరస్సు 260 మీటర్ల లోతుంది కదా, పొడిలో చాలా భాగం అక్కడే అడుగుకి చేరిపోతుంది, తర్వాత ఆ నీళ్ళు ఇంటర్‌లాకెన్ మీదుగా థున్ సరస్సుకి వెళ్తాయి కాబట్టి అది ముదురు నీలంగా ఉంటుంది. ఎండాకాలంలో మంచు ఎక్కువ కరిగి పొడి ఎక్కువ వస్తుంది, అప్పుడు బ్రియెంజ్ రంగు ఇంకా చిక్కగా ఉంటుంది. హార్డర్ కుల్మ్ ఎక్కితే రెండు రంగులూ ఒకేసారి చూడొచ్చు, మీ సైన్స్ టీచర్‌కి కూడా చెప్పు.

బనశంకరి నుంచి: మేం ప్యూర్ వెజ్, గుడ్డు కూడా తినం. పది రోజులు ఎలా గడుపుతాం? పచ్చళ్ళు, నెయ్యి, పొడులు పట్టుకెళ్ళొచ్చా?

పచ్చళ్ళు, పొడులు, పులిహోర పేస్ట్ చెక్ఇన్ బ్యాగ్‌లో పెట్టుకోండి, గట్టిగా సీల్ చేయించి. నెయ్యి, పాలకోవా, పాలతో చేసిన స్వీట్లు మాత్రం వద్దు, యూరప్ బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకురాకూడదని రూలు ఉంది. వెన్న అక్కడ బ్రహ్మాండంగా ఉంటుంది, కొనుక్కుని కాచుకోండి, నెయ్యి అయిపోతుంది. అంటే వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోవాలన్నమాట, మీలాంటివాళ్ళకి హోటల్ కన్నా అదే బెటర్. పోపు మాత్రం మెల్లగా పెట్టండి, పొగ అలారం మోగితే బిల్డింగ్ మొత్తం కిందకొచ్చి నించుంటుంది.

ఇంటర్‌లాకెన్‌లో ఇండియన్ హోటళ్ళు చాలానే ఉన్నాయి, మనవాళ్ళ తాకిడి అలాంటిది. బాలీవుడ్ డైరెక్టర్ యశ్ చోప్రాకి ఏకంగా విగ్రహమే పెట్టారు ఊళ్ళో. స్విస్ తిండిలో బంగాళదుంప తురిమి పెనం మీద కాల్చే రోస్టి మనకి బాగా ఎక్కుద్ది, కాకపోతే ఆర్డర్ ఇచ్చేటప్పుడు స్పెక్ వద్దని చెప్పండి, అది పంది మాంసం, అలవాటుగా వేసేస్తారు. ఛీజ్‌లో కూడా చాలావాటికి పాలు గడ్డకట్టడానికి దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్ వాడతారు, అంత పట్టింపు ఉంటే అడిగి తినండి. ఆదివారం సూపర్ మార్కెట్లు చాలావరకు మూసేస్తారు, పాలు, కూరలు శనివారమే తెచ్చుకోండి. నీళ్ళ బాటిల్ కొనొద్దు, వీధి కొళాయిల్లో వచ్చేది తాగే నీళ్ళే, తాగకూడని చోట బోర్డు పెడతారు.

బెళ్లందూరు నుంచి కొత్త జంట: సెప్టెంబర్‌లో వెళ్తున్నాం, ఇద్దరం స్కందగిరి, కుద్రేముఖ్ ట్రెక్‌లు చేసినవాళ్ళం. సిటీలు వద్దు, నడిచి చూసే సరస్సులు చెప్పండి.

మీరు రాసిన నెల చూసి సంతోషమేసింది. మొదటిది ఓషినెన్ సరస్సు. ష్పీట్స్ మీదుగా రైల్లో కాండెర్‌స్టెగ్ వెళ్ళి అక్కడ గొండోలా ఎక్కి, దిగాక అరగంట లోపు నడక, 1,578 మీటర్లు. మూడు పక్కలా నిట్టనిలువు కొండలు సరస్సులోకే దిగిపోయినట్టు ఉంటాయి, వాటి మీంచి సన్న జలపాతాలు. అందరూ ఒడ్డున ఫొటో దిగి పడవ అద్దెకి తీసుకుని వెనక్కొచ్చేస్తారు, మీరు అలా చెయ్యొద్దు. ఎడమ పక్క కొండ మీదుగా హాయిబెర్గ్ అని దారి ఉంది, రెండు మూడు గంటల చుట్టు, అక్కడి నుంచి సరస్సు మొత్తం కిందకి కనపడుద్ది. కుద్రేముఖ్ ఎక్కినవాళ్ళకి అదో లెక్క కాదు.

రెండోది బాఖాల్ప్. గ్రిండెల్‌వాల్డ్ నుంచి ఫస్ట్ అనే చోటికి కేబుల్ కార్, అక్కడి నుంచి మూడు కిలోమీటర్లు, గంట లోపు నడక, పెద్ద ఎక్కుడు కూడా లేదు. గాలి లేకపోతేనే నీడ పడుద్ది, పదకొండు దాటాక గాలి లేస్తుంది, జనం కూడా వస్తారు, అందుకని మొదటి కేబుల్ కార్ పట్టుకోండి. ష్రెక్‌హార్న్ కొండ 4,078 మీటర్లు, అది తలకిందులుగా నీళ్ళల్లో కనిపిస్తుంటే మాట్లాడాలనిపించదు. అక్కడితో ఆపకుండా ఫౌల్‌హార్న్ దాకా ఎక్కొచ్చు, ఇంకా ఓపిక ఉంటే అట్నుంచి అటే షీనిగె ప్లాట్టె దాకా కొండ అంచు మీద నడక, ఇది మాత్రం రోజంతా పడుద్ది, చివరి రైలు టైం ముందే చూసుకోవాలి, లేకపోతే పైనే ఇరుక్కుపోతారు.

కాళ్ళకి రెస్ట్ కావాల్సిన రోజు మెన్లిఖెన్ నుంచి క్లైనె షైడెగ్ దాకా నడవండి, నాలుగున్నర కిలోమీటర్లు, దాదాపు అంతా దిగుడే, ఐగర్ ఉత్తరపు గోడ ఎదురుగా నించుని ఉంటుంది. సెప్టెంబర్‌లో ఇంకో అదృష్టం ఉంది, పై మేతల నుంచి ఆవుల్ని ఊళ్ళోకి దింపుతారు, తలకి పూలు కట్టి, మెడలో పెద్ద పెద్ద గంటలేసి, అచ్చం మన కనుమకి చేసినట్టే. ఏ ఊళ్ళో ఏ రోజో హోటల్‌వాళ్ళని అడిగితే చెప్తారు. దారిపక్క కనపడే పసుపు బోర్డుల్లో రాసిన టైం అక్కడివాళ్ళ నడకకి రాసింది, మీరు ఫొటోలకి ఆగుతారు కాబట్టి దానికి సగం కలుపుకోండి.

కోరమంగళ నుంచి: కొరియన్ సీరియల్‌లో హీరో పియానో వాయించిన చెక్క వంతెన ఆ పక్కనే అంట కదా, ఎలా వెళ్ళాలి?

ఇసెల్ట్‌వాల్డ్ అండీ, బ్రియెంజ్ సరస్సు ఒడ్డున చిన్న పల్లె, ఇంటర్‌లాకెన్ నుంచి బస్సుంది, పడవ కూడా ఆగుతుంది. జనం తాకిడి తట్టుకోలేక ఆ వంతెనకి గేటు పెట్టి మనిషికి 5 ఫ్రాంకులు తీసుకుంటున్నారు. ఫొటో దిగాక వెంటనే బస్సెక్కేయకుండా, ఒడ్డు వెంట గీస్‌బాఖ్ దాకా గంటన్నర అడవి దారి ఉంది, అది నడవండి, వంతెన కన్నా అదే బాగుంటుంది.

ఇందిరానగర్ నుంచి: స్విస్ ట్రావెల్ పాస్ కొంటే అన్నీ ఫ్రీ అంటారు నిజమేనా? మేం ఇద్దరం, పిల్లలు 8, 13.

అన్నీ కాదు. రైళ్ళు, బస్సులు, సరస్సుల్లో పడవలు ఫ్రీ, కొండల్లో కొన్నే ఫ్రీ, లూసెర్న్ దగ్గర రిగి ఫ్రీ, యూరప్‌లో మొట్టమొదటి కొండరైలు 1871లో పడింది దాని మీదే. యుంగ్‌ఫ్రౌకి వెంగెన్ లేదా గ్రిండెల్‌వాల్డ్ దాకా ఫ్రీ, ఆ పైన పాతిక శాతం తగ్గింపే. కాబట్టి రెండు రోజులకో ఊరు మారుతూ తిరిగేవాళ్ళకి ట్రావెల్ పాస్, ఒకే చోట ఉండి రోజుకో కొండ ఎక్కేవాళ్ళకి హాఫ్ ఫేర్ కార్డు గానీ ఇంటర్‌లాకెన్ చుట్టుపక్కల ప్రాంతానికి ఇచ్చే బెర్నర్ ఓబర్‌లాండ్ పాస్ గానీ. హాఫ్ ఫేర్‌తో యుంగ్‌ఫ్రౌ కూడా సగానికే వస్తుంది, చాలామంది ఇది చూడరు. పిల్లలిద్దరికీ ఫ్యామిలీ కార్డు అడగండి, ఉచితంగా ఇస్తారు, పదహారు నిండేదాకా అమ్మానాన్నలతో పాటు రైళ్ళు, పడవలు ఫ్రీ. పై కొండ టికెట్లకి పిల్లల రేటు కౌంటర్లో అడిగి కనుక్కోండి. ఇంటర్‌లాకెన్‌లో బస చేసినవాళ్ళకి హోటల్‌వాళ్ళే గెస్ట్ కార్డు ఇస్తారు, ఊరి బస్సులకి అది చాలు.

కె.ఆర్. పురం నుంచి: ఇవన్నీ చదవడానికి బాగున్నాయి గానీ మా జీతాలకి కుదరవు. మన దేశంలో ఇలాంటి సరస్సులు లేవా?

ఎందుకు లేవు, కశ్మీర్‌లో సోనమర్గ్ నుంచి నారానాగ్ దాకా నడిస్తే విషన్‌సర్, కిషన్‌సర్, గడ్‌సర్, గంగాబల్ వరసగా వస్తాయి, అందానికి వస్తే ఆల్ప్స్‌కి ఏమీ తీసిపోవు, గడ్‌సర్ అయితే ఒక మెట్టు పైనే అంటాను. తేడా ఒక్కటే, అక్కడ ముసలమ్మని కూడా రైల్లో సరస్సు పక్కన దింపుతారు, ఇక్కడ టెంటు, గుర్రం, వారం రోజుల నడక, 4,000 మీటర్లు దాటిన కనుమలు. జులై నుంచి సెప్టెంబర్ మధ్య దాకే వీలు. వయసులో ఉన్నారు కాబట్టి, లెటర్లో అలాగే అనిపించింది, ముందు ఇది చేసెయ్యండి. రెండు మూడు నెలలు పొద్దున్నే లాల్‌బాగ్‌లోనో కబ్బన్ పార్క్‌లోనో గంట నడక అలవాటు చేసుకుని వెళ్తే చాలు.

యలహంక నుంచి: జులైలో నాలుగు రోజులే ఉంటాం, నాలుగు రోజులూ వాన పడితే?

నాలుగు రోజులూ రోజంతా పడటం అరుదు, ఎండాకాలంలో అక్కడ వాన ఎక్కువగా మధ్యాహ్నం దాటాక ఉరుములతో వస్తుంది, కొండలు పొద్దున పెట్టుకుంటే సగం సమస్య పోతుంది. నిజంగానే ముసురు పట్టిందనుకోండి, ట్రూమెల్‌బాఖ్‌కి వెళ్ళండి, వానకి అక్కడ నీళ్ళు ఇంకా పెరుగుతాయి. లేదా రైలెక్కి యాభై నిమిషాల్లో బెర్న్ వెళ్ళిపోండి, పాత ఊరంతా ఇళ్ళ ముందు కప్పున్న వరండాలే, మొత్తం కలిపితే ఆరు కిలోమీటర్లు, గొడుగు లేకుండా షాపింగ్ అయిపోతుంది. వాన ఆగిన మర్నాడు పొద్దున మాత్రం ఎంత బద్ధకంగా ఉన్నా లేచి వెబ్‌క్యామ్ చూడండి. కింద ఊరంతా మబ్బు కమ్మి ఉన్నా పైన ఎండ కాసే రోజులు ఉంటాయి, కిటికీలోంచి చూసి మళ్ళీ పడుకున్నవాళ్ళకి ఆ సంగతి తెలియదు.